మూటలో పట్టేంత చరిత్ర

ఊరెళ్లొచ్చినవాళ్లు ఇంట్లోవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టడం మన పాత మర్యాద. కాశీ నుంచి వస్తే మూతి బిగించిన గంగచెంబు, కాలభైరవుడి నల్లదారం. తిరునాళ్ల నుంచి వస్తే ఆడవాళ్లకు గాజులు, పిల్లలకు లక్కపిడతలు. అన్నీ చిన్నవే, చవకవే. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరులో గానీ ఇల్లు చేరలేదు. ఆయనకు పల్లకీ, పరివారం ఉన్నాయి. అవి లేని మామూలు యాత్రికులు నెత్తిన మూటతో నడిచేవారు. దారిలో కొన్న ప్రతి వస్తువునూ ఇల్లు చేరేదాకా మోయాల్సిందే కదా! అందుకే గుర్తుగా తెచ్చుకునేది తేలిగ్గా ఉండాలి, మూటలో ఓ మూలకు ఒదగాలి. ఈ రోజుల్లో వీపున బ్యాగు తగిలించుకుని, స్లీపర్ క్లాసులో తిరిగొచ్చే మన పిల్లలకూ అదే లెక్క.

ఇలాంటి వస్తువుల్లో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి లక్కపిడతలు. పిడత అంటే చిన్న కుండ. లక్క పూసిన బుల్లి కుండ కాబట్టి లక్కపిడత. ఆ సెట్టులో ఏముంటాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, బిందె, చెంబు, గరిటె. మన అమ్మమ్మల వంటిల్లంతా అందులో ఉంది. రాజుల చరిత్ర కోటల్లో, శాసనాల్లో దొరుకుతుంది. తెల్లవారుజామున లేచి తిరగలి తిప్పిన ఆడదాని చరిత్రను ఎవరూ రాయి మీద చెక్కించలేదు. మిక్సీలు, గ్యాసుపొయ్యిలు వచ్చాక ఆ సామాను మన ఇళ్లల్లోంచి పోయింది. బొమ్మల్లో మాత్రం మిగిలింది. తిరగలికి పిడి ఎక్కడుంటుందో మా అమ్మాయికి తెలిసింది లక్కపిడతల వల్లే.

ఈ బొమ్మలకు పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రతో చేస్తారు. అది మెత్తటి కర్ర, ఉలికి సులువుగా లొంగుతుంది. కర్రముక్కను తరిమెనకు బిగించి, అది గిరగిరా తిరుగుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కుతారు. అలా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తరువాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఆ నునుపులో బ్రష్షు పని ఏమీ లేదు. లక్క ఏమో చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించేది. అంటే ఒక చెట్టు, ఒక పురుగు, ఒక ఆకు, రెండు చేతులు కలిస్తే మన అరచేతిలోని బిందె అయింది.

ఈ కథలో ఒక చెడ్డ మలుపు కూడా ఉంది. పూర్వం మొక్కల నుంచి తీసిన రంగులు వాడేవారు. రసాయన రంగులు చవగ్గా, సులువుగా దొరికేసరికి పాతవి మూలపడ్డాయి. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారని తల్లులకు వేరే చెప్పాలా? చాలా రసాయన రంగుల్లో సీసం లాంటి విషాలు ఉంటాయి. ఈ పరిస్థితిలో ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు కళాకారులతో కలిసి పాత రంగులను మళ్లీ వెలికితీశారు. పసుపు నుంచి పసుపుపచ్చ, నీలిమొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ ఇచ్చారు. అయినా బెంగ తీరిపోలేదు. అంకుడు కర్ర రానురాను దొరకడం కష్టమవుతోంది. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, కొట్టడానికి పూట చాలు.

కృష్ణా తీరాన కొండపల్లిదీ ఇలాంటి కథే. అక్కడ వాడేది తెల్లపొణికి కర్ర. విడివిడిగా చెక్కిన ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దశావతారాలు, అంబారీ ఏనుగు అందరికీ తెలిసినవే. వాటి పక్కనే ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, దంపుతున్న ఆడవాళ్లు కూడా ఉంటారు. దేవుళ్లతో పాటు పనిచేసుకునే మనుషులకూ కొలువులో మెట్టు మీద చోటిచ్చిన బొమ్మలవి.

ఇక కొనే సంగతి. విశాఖ నుంచి తుని వైపు వెళ్లేవాళ్లకు ఏటికొప్పాక దారిలోనే ఉంటుంది. కొండపల్లి విజయవాడ పక్కనే. తక్కువ డబ్బుతో తిరిగేవాళ్లు పెద్ద షోరూముకు పోవడం కన్నా ఊళ్లోకి నడవడం మేలు. పని జరిగే చోట కూర్చుని కాసేపు చూడండి. ఏ కర్ర, ఏ రంగు అని అడగండి. చేసినవాళ్లయితే ఇష్టంగా చెబుతారు. పెద్ద రథం కొనలేకపోయినా ఒక బొంగరం, ఒక కుంకుమభరిణె, ఒక బుల్లి బిందె కొనవచ్చు. గీసి గీసి బేరం ఆడకండి. మన ఇంటి పని విలువ ఎవరూ లెక్కగట్టడం లేదని బాధపడే మనం, ఇంకొకరి చేతిపనిని తక్కువ కట్టడం న్యాయం కాదు.

బొమ్మల కొలువుకు ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్నది చాలా ఇళ్లల్లో ఆచారం. ఈసారి ఆ బొమ్మ ప్లాస్టిక్‌ది కాకుండా మీరు తిరిగొచ్చిన ఊరిదై ఉండేలా చూడండి. పక్కన చిన్న చీటీ మీద ఊరిపేరు, ఏడాది రాసిపెట్టండి. మన మనవరాళ్లకు అదే మన యాత్రాచరిత్ర.