చైనీస్ వార్తా భాష

చైనీస్ వార్తా భాష అనగా చైనాలోని వార్తాపత్రికలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను వాడే లాంఛనమైన భాష. ఇది షూమ్యెన్‌యూ (లిఖిత భాష) అనే శైలికి చెందినది. మాట్లాడే భాషను కౌయూ అంటారు. ఈ రెంటికీ వ్యాకరణంలోను, పదజాలంలోను తేడాలు ఉండటం వలన, సంభాషణ బాగా నేర్చిన విదేశీ విద్యార్థులకు కూడా మొదట్లో వార్తలు చదవడం కష్టమవుతుంది.

చరిత్ర

20వ శతాబ్దపు తొలినాళ్ళ వరకు చైనాలో పండితుల రచనలు, ప్రభుత్వ పత్రాలు ప్రధానంగా వెన్‌యెన్ అనే గ్రాంథిక భాషలో ఉండేవి. 1917లో హూ షి "షిన్ చింగ్‌నియెన్" (నవ యువత) అనే పత్రికలో వ్యాసం వ్రాసి, వాడుక భాషకు దగ్గరైన బైహువాలో సాహిత్యం రావాలని వాదించాడు. 1919 నాటి మే నాలుగు ఉద్యమంతో ఈ వాదం బలపడింది. క్రమంగా పత్రికలు కూడా బైహువాకు మారాయి. అయితే క్లుప్తత కారణంగా అనేక వెన్‌యెన్ పదాలు వార్తలలో నిలిచిపోయాయి.

ముఖ్య లక్షణాలు

* యూ: స్థలాన్ని, కాలాన్ని తెలుపుతుంది. మాటల్లో దీనికి బదులు "జాయ్" వాడతారు.
* గాయ్: "సదరు" అని అర్థం. "గాయ్ గుంగ్‌సి" అనగా సదరు కంపెనీ.
* జిన్‌షింగ్: "జరుపు" అని అర్థం. దీని తరువాత రెండక్షరాల క్రియ రావాలి. "జిన్‌షింగ్ దియావ్‌చా" అనగా దర్యాప్తు జరుపు. ఇక్కడ "చా" అనే ఒంటి అక్షరం చెల్లదు.
* సంక్షిప్త రూపాలు: "ఫాంగ్‌వెన్ జొంగ్‌గువో" (చైనాను సందర్శించు) అన్న నాలుగక్షరాలు శీర్షికలో "ఫాంగ్ హువా" అని రెండక్షరాలవుతాయి.
* జ్యూ... బావ్‌దావ్: "ఫలానా వారి కథనం ప్రకారం" అని అర్థం. సమాచారం ఎవరిదో దీనివలన తెలుస్తుంది.

అపార్థానికి అవకాశం

"జియాంగ్" అనే పదానికి రెండు ప్రయోగాలున్నాయి. క్రియకు లేదా తేదీకి ముందు వస్తే భవిష్యత్తును సూచిస్తుంది. కర్మకు ముందు వస్తే, వాడుకలోని "బా" వలె "ను" విభక్తి పని చేస్తుంది. పని పూర్తయిందని తెలిపే "ల" ప్రత్యయాన్ని శీర్షికలలో సాధారణంగా వదిలేస్తారు. కనుక "జియాంగ్"ను గమనించని పాఠకుడు, కుదరబోయే ఒప్పందాన్ని కుదిరిపోయినట్లుగా పొరబడవచ్చు.

అభ్యాస పద్ధతి

వార్త మొదటి పేరాలో సాధారణంగా తేదీ, స్థలం, కర్త, సంఘటన ఉంటాయి. చైనీస్ లిపిలో పదాల మధ్య ఖాళీ ఉండదు కాబట్టి, ముందుగా పదాలను విడదీసి, తరువాత ప్రతి లిఖిత పదానికి ఎదురుగా మాట్లాడే రూపాన్ని వ్రాసుకోవడం ఉపయోగకరం. ఒకే సంఘటనపై రెండు మూడు పత్రికల వార్తలు చదివితే ఈ పదాలే మళ్ళీ మళ్ళీ ఎదురై గుర్తుండిపోతాయి. అయితే వీటిని ఇంట్లోనో బజారులోనో వాడితే కృత్రిమంగా వినిపిస్తుంది.