మూడు వందల గ్రాముల ఆసరా

భిలాయి ఉక్కు కర్మాగారమునందలి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఇనుము కరగి వేరైన పిమ్మట అట్టి కొలిమిలో స్లాగు మిగులును. పనికిరాని మడ్డి యని పారబోయదగిన ఆ పదార్థమే మన జాముల్ సిమెంటు కర్మాగారమునకు ముడిసరుకై, ఇండ్లకు గోడలుగాను, ఏళ్లకు వంతెనలుగాను మారుచున్నది. ఒక పనిలో పుట్టినది మరియొక పనికి అక్కరకు వచ్చుట, బ్రతుకుతెరువునకై ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగువారికి ప్రతిదినము కంటికి కనబడు విషయమే. కావున హైదరాబాదులో జరిగిన అట్టి మరియొక ఉదంతమును ఇచ్చట స్మరించుట ఉచితమని తలచుచున్నాను. అందు ముడిసరుకు క్షిపణికై రూపొందిన పదార్థము. దాని ఫలము అంగవైకల్యము గల పసిబిడ్డల నడక.

ఆ ఉదంతమునకు నాయకుడు డాక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాంగారు. 1931 అక్టోబరు 15న రామేశ్వరమున జన్మించిన ఈ మహనీయుని ఉద్యోగజీవితము తెలుగునాటితో పెనవేసికొన్నది. 1980 జూలై 18న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినప్పుడు ఆ పథకమునకు సంచాలకుడు ఆయనయే. 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు అధిపతియై వచ్చిరి. 1989 మే 22న ఆయన ఆధ్వర్యమున అగ్ని క్షిపణి తొలిసారి ఎగసెను. ఆకాశపు అంచు దాటి తిరిగి వాయుమండలమున ప్రవేశించు క్షిపణి ముక్కు వేల డిగ్రీల వేడిని ఓర్వవలెను. బరువు మాత్రము తక్కువగా ఉండవలెను. అందులకై తేలికయు గట్టితనమును కలిసిన మిశ్రమ పదార్థములను మన శాస్త్రజ్ఞులు సాధించిరి.

ఒకనాడు హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన అస్థివైద్యుడొకరు ఆ ప్రయోగశాలకు వచ్చిరి. ఆ పదార్థమును చేత బట్టి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, కలాంగారిని తన ఆసుపత్రికి తోడ్కొనిపోయిరి. అచ్చట చిన్నారి బాలబాలికలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను కాళ్లకు తగిలించుకొని, వానిని ఈడ్చుకొనుచు తిరుగుచుండిరి. ఇరువది కిలోల బిడ్డకు మూడు కిలోలనగా దేహభారములో దాదాపు ఏడవ వంతు. అరువది కిలోల పెద్దమనిషి తొమ్మిది కిలోల బరువును కాలికి కట్టుకొని మెట్లెక్కినట్లు ఊహించిన యెడల ఆ పసివాని పాటు మనకు బోధపడును. ఆసరాగా ఇచ్చిన సాధనమే సంకెల యైనది.

ఈ బాధను తొలగింపుమని వైద్యుడు కోరెను. కలాంగారి బృందము మూడు వారములలో మూడు వందల గ్రాముల కొత్త కాలిపరును సిద్ధపరచెను. దీనికి ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అని పేరు. తేలికదనము ఒక్కటే దాని గుణము కాదు. పోలియో వలన తొడకండరము చచ్చుబడిన బిడ్డ అడుగు వేయబోగా మోకాలు ముందునకు కుప్పకూలును. అందుచే చాలమంది చేతితో తొడను నొక్కిపట్టుకొని నడతురు. ఈ సాధనము చీలమండను కదలకుండ పట్టి, మోకాటి దిగువను ముందు వైపున ఆనియుండును. పాదము నేలను తాకినప్పుడు నేల నుండి పుట్టు ప్రతిబలము ఆ పలకద్వారా మోకాటిని వెనుకకు నెట్టి నిలబెట్టును. బిడ్డను పడవేయు నేలయే బిడ్డను నిలుపునన్నమాట! అయితే అది ఆ బిడ్డ కాలికే సరిపోవలెను; ఎవరి కొలత వారికే.

కొలత యను ఈ మాటయే చక్రాల కుర్చీ చరిత్రకును మూలసూత్రము. 1655లో జర్మనీ దేశమున స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అను గడియారముల పనివాడు, తాను నడవలేనివాడగుటచే, చేతితో త్రిప్పి నడుపుకొను మూడు చక్రముల బండిని తనకొరకు తానే చేసికొనెను. 1933లో అమెరికాలో గనిప్రమాదమున నడక కోల్పోయిన హెర్బర్ట్ ఎవరెస్టు, ఆయన మిత్రుడైన ఇంజనీరు హారీ జెన్నింగ్సు కలిసి కారులో మడిచి పెట్టదగిన ఉక్కుగొట్టముల కుర్చీని తయారు చేసిరి. మన దేశమున కేంద్రప్రభుత్వము 1972లో కాన్పూరున కృత్రిమావయవముల తయారీ సంస్థను స్థాపించెను. అయినను పెద్దల కుర్చీలో కూర్చుండబెట్టిన బిడ్డ ఒక ప్రక్కకు ఒరిగిపోవును, కాళ్లు ఆనక వ్రేలాడును, వెన్ను వంగును, ఒత్తిడికి ఒడలు పుండ్లుపడును. బిడ్డ కుర్చీ పెద్దల కుర్చీకి కురచరూపము కాదు. వెడల్పును, లోతును, పాదపీఠమును ఆ బిడ్డను చూచియే నిర్ణయింపవలెను. బిడ్డ పెరిగినకొలది మరల కొలిచి మార్చవలెను. ఒకసారి సభచేసి దానమిచ్చి ఛాయాచిత్రము తీయించుకొన్నంత మాత్రమున ఆ బాధ్యత తీరదు.

పోలియో మన దేశమున అంతరించినది గదా, ఇంక ఈ ప్రసంగమేల అని కొందరు అడుగవచ్చును. భారతదేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ మన ప్రాంతమును పోలియో రహితముగా ప్రకటించెను. ఇది సామాన్య విజయము కాదు. కాని మెదడు పక్షవాతము, కండరముల క్షీణత, వెన్నెముక లోపములు గల బిడ్డలు నేటికిని మన వీధులయందు కలరు. 2016 నాటి చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. చట్టము హక్కు నీయగలదు. ఆ హక్కును ఒక బిడ్డ నడుమునకును కాలికిని సరిపోవు వస్తువుగా మలచుటకు మాత్రము మనిషి కావలెను.

కలాంగారు తమ జీవితమునందలి నాలుగు మహదానందములను ఉపన్యాసములలో తరచు చెప్పెడివారు. ఉపగ్రహ ప్రయోగము ఒకటి, క్షిపణి విజయము ఒకటి, అణుపరీక్షలలో భాగస్వామ్యము ఒకటి. నాల్గవది, కొత్త కాలిపర్లతో బిడ్డలు నడువగా తల్లిదండ్రుల కన్నులలో నిండిన నీరు. 2002 మొదలు 2007 వరకు రాష్ట్రపతిగా ఉండి, 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులతో మాటలాడుచునే కన్నుమూసిన ఆ కర్మయోగి ఇట్టి చిన్న వస్తువును అంతటి పెద్ద కార్యముల సరసన నిలిపినారు. అయితే కీర్తి ఆయన ఒక్కనిది కాదు. ఒక పదార్థమును చేత బట్టి తన రోగులను తలచుకొన్న వైద్యునిది, అచ్చులు పోసి అంచులు నునుపు చేసిన పనివారిది కూడను.

సోదరోద్యోగులారా! కాలిపర్ల తయారీ ఆ క్షిపణి ప్రయోగశాల విధులలో లేదు. "అది మా శాఖ పని కాదు" అను మాట మన కార్యాలయములలో ఎంత సులభముగా వినవచ్చునో మనకందరకును తెలియును. ఆ మాట నాడు హైదరాబాదులో వినబడియుండినచో, ఆ బిడ్డలు మూడు కిలోల బరువును అట్లే ఈడ్చుచుండెడివారు. మన చేతిలోని పనికి సంబంధించినదేదో ఎవరి బిడ్డకో ఆసరా కాగలదేమో అని అప్పుడప్పుడు పరికించి చూచుటయే ఆ మహనీయునికి మనము అర్పింపగల నివాళి. స్లాగును సిమెంటుగా చూడగలిగిన ఈ గడ్డమీద అట్టి చూపు మనకు కొరవడరాదు.