పాడి పశువుకు బీమా... కట్టిన సొమ్ముకు ఫలితం ఉందా?

ఒకటి రెండు గేదెలపై ఆధారపడి ఇల్లు గడుపుకునే కుటుంబానికి పశువు మరణిస్తే పెట్టుబడి పోవడంతో పాటు రోజువారీ ఆదాయమూ ఒక్కసారిగా ఆగిపోతుంది. పిడుగుపాటు, విద్యుదాఘాతం, పాముకాటు, వరద, గొంతువాపు, జబ్బవాపు వంటివి రైతుకు వ్యవధి ఇవ్వకుండానే పశువును బలిగొంటాయి. అయినా పశువుల బీమా అనగానే పల్లెల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ప్రీమియం దండగ అనేది మొదటిది. బీమా చేయిస్తే ఏ నష్టమైనా కంపెనీయే భరిస్తుందనేది రెండోది. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు. ప్రభుత్వ రాయితీపై లభించే పాలసీ చిన్న రైతుకు తప్పక గిట్టుబాటవుతుంది. పూర్తి ప్రీమియం చెల్లించి తీసుకునే పాలసీ విషయంలో మాత్రం పశువు విలువను, మంద పరిమాణాన్ని చూసి నిర్ణయానికి రావాలి. పాలసీ ఏదైనా చెవిపోగు, పత్రాలు సక్రమంగా ఉన్నప్పుడే అక్కరకు వస్తుంది.

వైద్యానికి కాదు, మరణానికే

మనుషుల ఆరోగ్య బీమాకు, పాడి పశువుల బీమాకు ప్రధానమైన తేడా ఒకటుంది. పశువుల పాలసీలో మందుల ఖర్చు, వైద్యుని రుసుము, శస్త్రచికిత్స వ్యయం సాధారణంగా చేరవు. వ్యాధి వల్ల గాని, ప్రమాదం వల్ల గాని, ప్రకృతి వైపరీత్యం వల్ల గాని పశువు మరణించినప్పుడే పరిహారం లభిస్తుంది. పొదుగువాపుతో పాల దిగుబడి తగ్గినా, చూడి నిలవక ఏడాది వృథా అయినా సాధారణ పాలసీ కింద ఏమీ రాదు.

పాల దిగుబడి లేదా చూడి కట్టే శక్తి శాశ్వతంగా కోల్పోయిన పశువులకు వర్తించే శాశ్వత వైకల్య రక్షణను అదనపు ప్రీమియం చెల్లించి తీసుకోవచ్చు. ఈ రక్షణ కింద సాధారణంగా బీమా మొత్తంలో 75 శాతం వరకే పరిహారం ఉంటుంది. పాలసీ తీసుకునేటప్పుడు ఈ అంశం చేరిందో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం.

చికిత్స కోసం ప్రభుత్వ పశువైద్యశాలలతో పాటు 1962 నంబరుపై నడిచే సంచార పశువైద్య వాహనాలను వినియోగించుకోవచ్చు. తెలంగాణలో ఈ సేవలు 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ప్రారంభమయ్యాయి.

రాయితీ ఎంత?

కేంద్ర ప్రభుత్వం 2005-06, 2006-07 సంవత్సరాలలో దేశంలోని 100 జిల్లాలలో పశు బీమా పథకాన్ని ప్రయోగాత్మకంగా అమలు చేసింది. 2014-15 నుంచి దీనిని జాతీయ పశుసంపద మిషన్‌లో భాగంగా చేసి అన్ని జిల్లాలకు విస్తరించారు. నాటి మార్గదర్శకాల ప్రకారం సాధారణ ప్రాంతాలలో ప్రీమియం గరిష్ఠ పరిమితి ఏడాదికి పశువు విలువలో 3 శాతం, మూడేళ్లకు 7.5 శాతం. అప్పట్లో దారిద్ర్యరేఖకు ఎగువన ఉన్న రైతులు ప్రీమియంలో సగం, దిగువన ఉన్నవారు, ఎస్సీ, ఎస్టీ రైతులు 30 శాతం భరించేవారు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఈ నిబంధనలను సవరించింది. రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. మిగిలిన 85 శాతాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరించాలని నిర్ణయించింది. గొర్రెలు, మేకల విషయంలో ఒక్కొక్క కుటుంబానికి ఉన్న పరిమితిని 5 యూనిట్ల నుంచి 10 యూనిట్లకు పెంచింది. 10 గొర్రెలు లేదా మేకలను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు.

అయితే రాయితీ పాలసీ ఏడాది పొడవునా దొరుకుతుందని భావించరాదు. నిధుల విడుదల, బీమా కంపెనీ ఎంపిక పూర్తయిన తరువాతే నమోదు మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుని వద్ద, తెలంగాణలో సమీప పశువైద్యశాలలో ముందుగా విచారించుకోవడం మేలు.

లెక్క ఇలా...

రూ.60 వేల విలువైన ఒక గేదెను ఉదాహరణగా తీసుకుందాం. 3 శాతం చొప్పున ఏడాది ప్రీమియం రూ.1,800. అందులో 15 శాతం రైతు వాటా అంటే రూ.270. ఇలా మూడేళ్లు విడివిడిగా కడితే రూ.810 అవుతుంది. అదే ఒకేసారి మూడేళ్ల పాలసీ తీసుకుంటే 7.5 శాతం చొప్పున మొత్తం ప్రీమియం రూ.4,500 కాగా రైతు వాటా రూ.675 మాత్రమే. మూడేళ్ల పాలసీలో రూ.135 ఆదా కావడంతో పాటు ఏటా పునరుద్ధరించుకోవడం మరచిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

లీటరు పాలు రూ.50 చొప్పున లెక్కిస్తే రూ.675 అంటే పదమూడున్నర లీటర్ల పాల ధర. రోజుకు ఆరు లీటర్లు ఇచ్చే గేదెకు ఇది రెండు రోజుల పైచిలుకు పాడి. ఈ లెక్కన మూడేళ్ల వ్యవధిలో 89 పశువులలో ఒకటి మరణించినా రైతులు కట్టిన సొమ్ము తిరిగి వచ్చినట్లే.

రాయితీ లేని పాలసీ లెక్క వేరు. 4 శాతం ప్రీమియం అనుకుంటే ఇదే గేదెకు ఏడాదికి రూ.2,400 కట్టాలి. అంటే ఎనిమిది రోజుల పాల ఆదాయం. ఏటా 25 పశువులలో ఒకటి మరణిస్తేనే ఈ ప్రీమియానికి, పరిహారానికి సరిసమానమవుతుంది. మంచి పోషణ, సకాలంలో టీకాలు ఉన్న కొట్టంలో నష్టం అంతకంటే తక్కువగా ఉండవచ్చు. అయినా ఒకే గేదె ఉన్న ఇంట్లో సగటు లెక్క పనిచేయదు. అది పోతే మరొకటి కొనడానికి అప్పు తప్పనిసరి అయ్యే కుటుంబానికి ఆ రూ.2,400 వడ్డీ భారం నుంచి కాపాడే ఖర్చు.

25 గేదెలున్న డెయిరీ యజమాని ఇదే లెక్కన ఏటా రూ.60 వేలు, అంటే ఒక గేదె ధర, ప్రీమియంగా చెల్లించవలసి వస్తుంది. నష్టం సగటున ఏడాదికి ఒకటి కంటే తక్కువగా ఉంటే ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో దాచుకోవడమూ ఒక మార్గమే. అయితే వరద, విద్యుదాఘాతం, అంటువ్యాధి వంటివి ఒకే రోజున పలు పశువులను హరిస్తే ఆ నిధి చాలదు. అధిక పాలిచ్చే, ఖరీదైన పశువుల వరకైనా బీమా చేయించి, తక్కినవాటికి సొంత నిధి ఉంచుకోవడం ఇటువంటివారికి మధ్యేమార్గం.

విలువ కట్టడంలో జాగ్రత్త

రాయితీ పథకంలో రైతు, పశువైద్యాధికారి, కంపెనీ ప్రతినిధి కలిసి పశువు విలువను నిర్ణయించాలి. 2014-15 మార్గదర్శకాలు రోజువారీ పాల దిగుబడిలో లీటరుకు ఆవుకైతే రూ.3 వేలు, గేదెకైతే రూ.4 వేలు కనీస విలువగా సూచించాయి. స్థానిక మార్కెట్ ధరను కూడా పరిగణించవచ్చు. ఎనిమిది లీటర్లిచ్చే గేదెకు ఈ సూత్రం ప్రకారం కనీస విలువ రూ.32 వేలే అవుతుంది. సంతలో దాని ధర అంతకు ఎంతో ఎక్కువ ఉంటే ఆ తేడా రైతు నెత్తినే పడుతుంది. అందువల్ల పాలసీ పత్రంపై ఎంత మొత్తం రాశారో సంతకానికి ముందే చూసుకోవాలి. అలాగని విలువను అతిగా చూపించినా ప్రయోజనం లేదు. రాయితీ లేని పాలసీలలో మరణానికి ముందున్న మార్కెట్ విలువ, బీమా మొత్తం రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లించడం పరిపాటి.

సాధారణ పాలసీలలో పాడి ఆవులకు రెండు నుంచి పదేళ్లు, పాడి గేదెలకు మూడు నుంచి పన్నెండేళ్లు వయోపరిమితిగా పాటిస్తారు. ముదిరిన పశువుకు బీమా దొరకడం కష్టం.

పోగు లేనిదే పరిహారం లేదు

బీమా చేసిన పశువును గుర్తించేది చెవిపోగు. పోగు లేకపోతే పరిహారం లేదన్నది కంపెనీలు పాటించే నియమం. మరణించినది బీమా చేసిన పశువేనని రుజువు చేయడానికి మరో తేలికైన ఆధారం ఉండదు. మేతలోనో, కంచె తగిలో పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, కొత్త పోగు వేయించి, ఆ నంబరును పాలసీలో నమోదు చేయించాలి. యజమానితో కలిపి, పోగు నంబరు స్పష్టంగా కనిపించేలా తీసిన పశువు ఛాయాచిత్రాన్ని దాచుకోవాలి.

పాలసీ మొదలైన తొలి 15 రోజులలో వ్యాధితో మరణిస్తే సాధారణంగా పరిహారం ఉండదు. అంతకుముందే ఉన్న వ్యాధి, ఉద్దేశపూర్వకంగా చేసిన గాయం, అర్హత లేనివారి చికిత్స, దొంగతనం, రహస్య విక్రయం కూడా మినహాయింపులే. టీకాలు వేయించినట్లు ఆధారం లేకుంటే గొంతువాపు, గాలికుంటు వంటి వ్యాధుల క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పశువును అమ్మినప్పుడు మిగిలిన కాలపు బీమా కొన్నవారికి బదిలీ అవుతుంది. దీనిని కంపెనీకి తెలిపి పేరు మార్పించుకోవాలి.

బ్యాంకు రుణంతో కొన్న పశువుకు బ్యాంకే ప్రీమియం మినహాయించి బీమా చేయించడం కద్దు. పాలసీ ప్రతిని, పోగు నంబరును రైతు అడిగి తీసుకోకపోతే గడువు ముగిసినా తెలియదు. పరిహారం వచ్చినా అది ముందుగా రుణ ఖాతాకు జమ అవుతుంది.

పశువు మరణిస్తే...

• వెంటనే బీమా కంపెనీకి, పశువైద్యాధికారికి సమాచారం ఇవ్వాలి. 24 గంటలు దాటనీయరాదు.
• తనిఖీ, శవపరీక్ష పూర్తయ్యే వరకు కళేబరాన్ని తరలించరాదు. పోగును చెవి నుంచి విడదీయరాదు.
• ఆంత్రాక్స్‌గా పిలిచే దొమ్మ వ్యాధి అనుమానం ఉంటే కళేబరాన్ని కోయరాదు. వైద్యుడు రక్తపు పూత తీసి పరీక్షకు పంపుతారు.
• కంపెనీకి ఇచ్చిన సమాచారం, పాలసీ పత్రం, క్లెయిము పత్రం, శవపరీక్ష నివేదిక ఈ నాలుగూ జతపరచి సమర్పించాలి. ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోవాలి.

రాయితీ పథకంలో పత్రాలన్నీ అందిన 15 రోజులలోగా పరిహారం చెల్లించాలి. ఆలస్యమైతే కంపెనీ 12 శాతం చక్రవడ్డీ చెల్లించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

విపత్తు సాయం వేరు

వరద, తుపాను వంటి విపత్తులలో ప్రభుత్వం ఇచ్చే సాయానికి బీమాతో సంబంధం లేదు. 2022-26 కాలపు నిబంధనల ప్రకారం పాడి గేదె లేదా ఆవు మరణిస్తే రూ.37,500 చొప్పున, కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువుల వరకు సాయం నిర్ణయించారు. పాలజ్వరంతోనో, పొదుగువాపుతోనో పశువు మరణిస్తే ఈ సాయం వర్తించదు. కనుక విపత్తు సాయాన్ని బీమాకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

కంపెనీ నిరాకరిస్తే

తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా కోరడం మొదటి మెట్టు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసిన నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా కేసు వేయవచ్చు. రూ.5 లక్షల వరకు విలువ ఉన్న కేసులకు అక్కడ రుసుము లేదు.

ఈ మార్గాలన్నింటిలోనూ రైతు పక్షాన నిలిచేవి పోగు నంబరు, పాలసీ ప్రతి, టీకాల నమోదు. రాయితీ నమోదు మొదలైందని తెలియగానే మూడేళ్ల పాలసీ తీసుకుని, ఈ మూడింటినీ భద్రపరచుకున్న రైతుకు కట్టిన ప్రీమియం వృథా కాదు.