నూటికెంత? – రూపాయి పొదుపు నుంచి వారం వాయిదా దాకా

అప్పు మాట రాగానే తెలుగు పల్లెలో మొదట వినిపించే ప్రశ్న "నూటికెంత?" అన్నదే. నూటికి రూపాయి అంటే నెలకు వంద మీద రూపాయి, ఏడాదికి 12 శాతం. నూటికి మూడంటే 36. పావలా వడ్డీ అంటే 3 శాతమే. బ్యాంకువారు సంవత్సరాల్లో, శాతాల్లో మాట్లాడతారు. పల్లె నెలల్లో, రూపాయల్లో లెక్కిస్తుంది. ఈ రెండు భాషల మధ్య అనువాదం పెద్ద కష్టమేమీ కాదు, చదువురాని ముసలమ్మ కూడా వేళ్ళ మీద చెప్పేస్తుంది. కానీ 2000 తర్వాత మన ఊళ్ళకు మూడవ భాష ఒకటి వచ్చింది. అందులో వడ్డీ అనే మాటే వినబడదు. "వారానికింత, యాభై వారాలు", అంతే. రెక్కల కష్టం మీద బతికే కుటుంబాన్ని ఒక మెట్టు పైకెక్కించాలని ఈ దేశంలో జరిగిన ప్రయత్నాలలో మన రాష్ట్రంలో జరిగినంత ఆశాజనకమైనదీ, అంత విషాదంగా ముగిసినదీ మరొకటి ఉన్నదా అని నాకు సందేహం. ఆ కథే ఈ వ్యాసం.

పేదవాడికి అప్పు ఎలా అందించాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో సమర్పించిన నివేదికలు జర్మనీలోని గ్రామీణ పరపతి సంఘాలను ఆదర్శంగా చూపించాయి. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత, 1951-52లో, రిజర్వు బ్యాంకు దేశమంతటా గ్రామీణ రుణాల సర్వే జరిపిస్తే రైతు చేసిన అప్పులో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర అని తేలింది. మిగిలినదానిలో సింహభాగం షావుకారుదే. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాయి, 1975లో గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. అయినా బ్యాంకు మెట్లెక్కాలంటే పట్టాదారు పాసుపుస్తకమో, పూచీ ఇచ్చే పెద్దమనిషో కావాలి. సెంటు భూమి లేని కూలి కుటుంబంలో, ఆ కుటుంబంలోనూ ఆడమనిషికి, ఆ తలుపు మూసే ఉంది.

1982లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ స్త్రీల కోసం ఒక పథకాన్ని ఎంపిక చేసిన 50 జిల్లాలలో ప్రారంభించింది. దాని ఆంగ్ల నామధేయంలోని పొడి అక్షరాలు కలిస్తే డ్వాక్రా. పదిహేను ఇరవై మంది స్త్రీలతో ఒక సంఘం, సంఘానికి 15,000 రూపాయల మూలనిధి. (1999లో ఆ పథకం వేరొక పథకంలో కలిసి అధికారికంగా కనుమరుగైంది. పేరు మాత్రం చావలేదు. డ్వాక్రా అక్కలు, డ్వాక్రా బజారు, డ్వాక్రా లోను... కార్యాలయపు కాగితాల నుంచి వచ్చి ఇంత స్వచ్ఛమైన తెలుగు మాటగా స్థిరపడిన పొడి అక్షరాలు మరి ఉన్నాయో లేవో భాషాశాస్త్రజ్ఞులే చెప్పాలి.) తొలి పదేళ్ళలో ఆ పథకం కాగితాల మీద నడిచింది తప్ప ఊళ్ళలో ఊపందుకోలేదు. దానికి ప్రాణం పోసింది పథకాలతో సంబంధం లేని ఒక తిరుగుబాటు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చింది. కూలి కుటుంబపు తిండిఖర్చులో అది తెచ్చిన వెసులుబాటు చిన్నదేమీ కాదు. అదే దశాబ్దంలో ప్రభుత్వ సారా చిన్న ప్లాస్టిక్ సంచులలో ఊరూరా ప్రవహించింది; ఆ పథకానికి పెట్టిన పేరు వారుణి వాహిని! 1970-71లో 39 కోట్లున్న ఆబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. బియ్యంలో మిగిలిన రూపాయి సారాలో పోయేది, ఒక్కొక్కసారి బియ్యమే సారా అంగడికి పోయేది. కుడిచేత్తో పెట్టి ఎడమచేత్తో లాక్కోవడమంటే ఇదే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా అంగడికి అడ్డం పడ్డారు. ఆ జిల్లాలో అప్పటికి అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగుతోంది. రాత్రి బడిలో అక్షరాలతోపాటు ఆడవాళ్ళు ఏకమైతే ఏమవుతుందో చెప్పే పాఠం కూడా చదివారు. సారా వేలంపాటలు నిలిచిపోయాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చి, రెండేళ్ళకే సడలిపోయింది. అది వేరే కథ.

మనకు కావలసింది ఆ తర్వాత జరిగిన చిన్న సంగతి. సారాకు పోని రూపాయి ఇంట్లో మిగిలింది. దాన్ని ఏం చేయాలి? నెల్లూరులో "పొదుపులక్ష్మి" పేరుతో రోజుకొక రూపాయి దాచుకునే సంఘాలు పుట్టాయి. లెక్క వేసి చూడండి: పదిహేనుమంది, నెలకు ముప్ఫై చొప్పున 450; ఏడాదికి 5,400. ఆ డబ్బు సంఘంలోనే ఒకరికి గేదె కొనడానికి, మరొకరికి ఆసుపత్రికి అప్పుగా వెళ్ళేది. సాధారణంగా నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇది తక్కువేమీ కాదు. కానీ ఆ వడ్డీ ఎక్కడికి పోతుంది? తిరిగి వాళ్ళ పెట్టెలోకే. షావుకారు వడ్డీకి, సంఘం వడ్డీకి ఉన్న తేడా అంకెలో లేదు, ఆ డబ్బు ప్రయాణించే దారిలో ఉంది. నేను చదివిన ఆర్థికశాస్త్ర గ్రంథాలకంటె ఈ ముక్కను నాకు స్పష్టంగా చెప్పింది మా అమ్మమ్మ ఊళ్ళో ఒక సంఘం లీడరు. ఆమె సంతకం చేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నది.

1992లోనే నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. కర్ణాటకలో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ అంతకుముందే ఆ బాట వేసింది. సంఘం కొన్ని నెలలు పొదుపు చేసి, తీర్మానాల పుస్తకం సరిగా రాసుకుంటే, ఆ పొదుపుకు కొన్ని రెట్లు బ్యాంకు అప్పిస్తుంది. పూచీ లేదు, తనఖా లేదు. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు ప్రాజెక్టు మొదలై సంఘాలను గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా కట్టింది. దానికే తర్వాత ఇందిరా క్రాంతి పథం అని పేరు మారింది. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పావలా వడ్డీ ప్రకటించింది. సకాలంలో వాయిదా కట్టిన సంఘానికి 3 శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వం తిరిగి చెల్లించేది. పార్టీలు మారినా, పేర్లు మారినా, ఇరవై ఏళ్ళపాటు ఒకే దిశలో సాగిన విధానం ఇది. మన రాజకీయాలలో అరుదైన విషయం.

సరిగ్గా ఆ సంఘాలు తీర్చిదిద్దిన నేల మీదికే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వాటి మూలపురుషుడు మహమ్మద్ యూనస్. 1976లో చిట్టగాంగ్ దగ్గరి జోబ్రా గ్రామంలో మొదలైన ఆయన ప్రయోగం 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చింది. అయిదుగురు స్త్రీలు ఒక జట్టు, వారం వారం సమావేశం, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు బాధ్యులు. మన దగ్గర ఆ నమూనాను తొలుత స్వచ్ఛంద సంస్థలు, తర్వాత లాభార్జన కంపెనీలు చేపట్టాయి. బయటినుంచి చూస్తే సంఘమూ ఇదీ ఒకటే: చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు, మధ్యలో పుస్తకం. లోపల తేడా ఎంతో. సంఘంలో పొదుపు వాళ్ళది, నిర్ణయం వాళ్ళది. జట్టులో వాళ్ళది పూచీ మాత్రమే.

బ్యాంకులకు ఇది ఎంతో సులువుగా తోచింది. ప్రాధాన్య రంగానికి ఇంత అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. వేలాది సంఘాలకు విడివిడిగా ఇచ్చే బదులు ఒక కంపెనీకి కోట్లు ఇస్తే లక్ష్యం పూర్తవుతుంది. కనుక ఒకే బ్యాంకు డబ్బు రెండు దారులలో ఒకే ఇంటికి చేరింది. సంఘం ద్వారా వస్తే ఒక వడ్డీ, కంపెనీ ద్వారా వస్తే దానికి రెట్టింపు.

ఆ రెట్టింపు కనబడకపోవడంలోనే కిటుకు ఉంది. ఉదాహరణకు 10,000 అప్పు, వారానికి 225 చొప్పున 50 వారాలు అనుకుందాం. మొత్తం 11,250. అంటే వడ్డీ 1,250, పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి వారం నుంచే అసలు తరుగుతూ వస్తోంది; ఏడాది పొడుగునా ఆమె చేతిలో సగటున ఉన్నది అయిదువేల చిల్లరే. దాని మీద 1,250 అంటే ఏడాదికి దాదాపు 24 శాతం పైమాటే. "నూటికెంత?" అని అడగడం తెలిసిన మనిషికి కూడా, "వారానికి 225" అన్న జవాబులోంచి నూటికి రెండు రూపాయలను బయటికి లాగడం తేలిక కాదు.

అయినా నూటికి రెండే కదా, షావుకారు మూడు, అయిదు తీసుకుంటున్నాడు కదా అని కంపెనీల వాదన. న్యాయమైన వాదనే. చిక్కు వడ్డీలో కంటె వారంలో ఉంది. కూలి బతుకు వారం లెక్కన నడవదు. నాట్లప్పుడు, కోతలప్పుడు చేతినిండా పని. చైత్ర వైశాఖాలలో ఏమీ ఉండదు. వాయిదా మాత్రం ఏడాదికి 52 వారాలూ వస్తుంది. షావుకారు తిట్టినా పంటదాకా ఆగుతాడు. సంఘం తీర్మానం చేసి ఆగుతుంది. జట్టు ఆగదు, ఎందుకంటే ఆగితే మిగతా నలుగురి మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఒక కంపెనీ వాయిదాకు మరొక కంపెనీ అప్పు, దానికి మూడవది. ఊరికి నాలుగైదు కంపెనీలు వచ్చాక అప్పు దొరకడం సమస్య కాదు, తేరడమే సమస్య.

2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సుమారు 50 సూక్ష్మరుణ శాఖలకు తాళాలు వేయించింది. అది మొదటి హెచ్చరిక. కంపెనీలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి, మళ్ళీ పరుగు మొదలైంది. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎస్.కె.ఎస్. సంస్థ వాటాలు స్టాకు మార్కెట్టులోకి వచ్చాయి. అమ్మకానికి పెట్టిన వాటాలకు పదమూడు రెట్లు గిరాకీ. రెండు నెలలు తిరగకుండానే పత్రికలనిండా ఆత్మహత్యల వార్తలు. ఎన్నింటికి అప్పే కారణమన్నదాని మీద వాదం నడిచింది, కానీ వసూళ్ళ ఒత్తిడి నిజమని ఎవరూ కాదనలేకపోయారు.

అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో శాసనసభ చట్టం చేసింది. కంపెనీలు జిల్లాలో నమోదు కావాలి. వారం బదులు నెల వాయిదా. వసూలు ఇంటి గుమ్మంలో కాదు, బహిరంగ స్థలంలో. బలవంతం చేస్తే మూడేళ్ళ దాకా జైలు. వడ్డీ మొత్తం అసలును మించరాదన్న నిబంధన కూడా పెట్టారు. ఇది మన ధర్మశాస్త్రాలలోని పాత సూత్రమే. దామ్‌దుపట్ అన్న పేరుతో కోర్టులూ ఎరిగినదే. రెండువేల ఏళ్ళనాటి న్యాయాన్ని మళ్ళీ చట్టపుస్తకంలో వెతుక్కోవలసి వచ్చిందన్నమాట.

చట్టం పనిచేసింది, అనుకున్నదానికంటె ఎక్కువగా. జనం కట్టడం మానేశారు. రాష్ట్రంలో వసూళ్ళు పదోవంతుకు పడిపోయాయి, కంపెనీలు కొత్త అప్పులు ఆపేశాయి. ఆ సంబరం చూసినవారిలో నేనూ ఒకడిని. మూడు నెలలకే అదే వీధిలో రోజువారీ ఫైనాన్సు కుర్రవాడి మోటారుసైకిలు మళ్ళీ కనిపించింది. అతనికి ఏ చట్టమూ లేదు, పుస్తకమూ లేదు. 2015 చివర విజయవాడలో బయటపడిన కాల్‌మనీ అరాచకాన్ని చదివినప్పుడు నాకు ఆ మోటారుసైకిలే గుర్తుకొచ్చింది.

ఇంతకీ ఆ అప్పులు కుటుంబాలను ముందుకు తీసుకుపోయాయా? హైదరాబాదులోనే దీన్ని కొలిచినవారున్నారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు 104 బస్తీలను ఎంచుకుని, చీటీలు తీసినట్టు సగం బస్తీలలో మాత్రమే ముందుగా ఒక సంస్థ శాఖలు తెరిపించి, తర్వాత రెండు వైపులా పోల్చారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది, ఉన్న చిన్న వ్యాపారాల మీద పెట్టుబడి పెరిగింది. కానీ సగటు కుటుంబపు మొత్తం ఖర్చులోగాని, పిల్లల చదువులోగాని, స్త్రీల నిర్ణయాధికారంలోగాని చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. దీన్ని చదివి, సరే, అప్పు వల్ల ఒరిగేదేమీ లేదని తీర్మానించుకున్నాను. అయితే ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ 2021లో మరొకటి చూపించారు. మన సంక్షోభం వల్ల దెబ్బతిన్న కంపెనీలు ఇతర రాష్ట్రాలలో కూడా అప్పులు తగ్గించుకున్నాయి. అలా అప్పులు తగ్గిన జిల్లాలలో అప్పు తీసుకోని కూలివాడికి కూడా కూలి రేటు పడిపోయింది. పక్కింటి కొట్టు మూతపడితే అందులో మూటలు మోసేవాడికి పని పోతుంది కదా! నా తీర్మానాన్ని సగం వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

సంఘాల కథ కూడా నిష్కళంకంగా మిగల్లేదు. 2012 నుంచి వడ్డీలేని రుణాలు, 2014 ఎన్నికల్లో మాఫీ వాగ్దానం, 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పాత బాకీని ప్రభుత్వమే నాలుగు విడతలుగా చెల్లించిన ఆసరా... ప్రతి ఒక్కటీ ఆ ఇంటికి నిజమైన సాయమే, కాదనను. కానీ ఎన్నిక ముందు వాయిదా ఆపి వేచిచూడడం సంఘాలు నేర్చుకున్నాయి.

రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ సూచనలతో 2011లో వడ్డీకి, అప్పు మొత్తానికి హద్దులు పెట్టింది. 2022లో వడ్డీ హద్దు తీసేసి, ఏడాదికి మూడు లక్షలలోపు ఆదాయమున్న కుటుంబపు వాయిదాలన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగం మించరాదని కొత్త నియమం పెట్టింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. వారం వాయిదాల కోసం చాపలు మళ్ళీ పరిచే వీలు కలిగింది. ఇప్పుడు అప్పిచ్చేవాడు ముందుగా ఒక కాగితం మీద ఇంటి ఆదాయం రాయాలి. నాట్లలో ఇంత, కోతల్లో ఇంత, ఎండాకాలంలో సున్నా. దాన్ని పన్నెండుతో భాగించి నెలకు ఇంతని ఒక గడిలో నింపుతారు. ఆ గడిలో వైశాఖమాసం కనిపించదు.