ఒక్క లెన్స్‌లో ఓరుగల్లు

రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోలు మనలో చాలామంది చూసే ఉంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ షికారు, ఫలక్‌నుమా మహల్, దర్బారు, ఫౌజు. ఆ ఫొటోల వెనక మోసిన బరువు మాత్రం ఫొటోలో కనిపించదు. పెద్ద చెక్క కెమెరా, దాన్ని నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, అవన్నీ ఎత్తి దించే మనుషులు. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు. ఇందౌర్‌లో సర్కారీ నౌకరీ చేస్తూ 1874 ప్రాంతంలో షౌక్ కొద్దీ కెమెరా పట్టారు. పదేళ్లు తిరిగేసరికి నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1894లో నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' అనే ఖితాబు ఇచ్చారు. ముసవ్విర్ అంటే తస్వీర్ తీసేవాడు. పర్దా పాటించే బేగంల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా తెరిచారు.

ఇంత పెద్ద ముసవ్విర్ దగ్గర లేనిది ఒకటుంది: జూమ్. అప్పుడు ఎవరి దగ్గరా లేదు. వస్తువు దగ్గరగా కావాలంటే కెమెరాను దగ్గరకు మోసుకెళ్లాలి, లేదా లెన్స్ మార్చాలి. అడుగులే జూమ్.

ఇప్పుడు మా భాంజా అడుగుతున్నది దీనికి పూర్తిగా ఉల్టా. అడుగు కదపకుండా, లెన్స్ మార్చకుండా, ఒక్క లెన్స్‌తో అన్నీ తీయాలట. 'సూపర్‌జూమ్' అంటారు దాన్ని. వాడు హన్మకొండలో ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర నిఖా, వలీమా ఫంక్షన్లకు రెండో కెమెరా పడతాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటుంది, దానితో వచ్చిన 18-55 లెన్స్ ఒకటుంది. ఇప్పుడు 18-400 మీద మనసు పడింది. దాని ఖరీదు మా మొహల్లాలో దాదాపు ఆరు నెలల కిరాయి. ఆ పైసలు మా ఆపా చిట్టి ఎత్తి దాచినవి. ఆపా నాతో, "లేనా కీ నైఁ లేనా, తూచ్ బోల్" అంది. కొనాలా వద్దా నువ్వే చెప్పమని. పేపర్‌లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయని మన ఇళ్లలో ఒక భరోసా. నాకు తెలిసింది కాస్త తారీఖు. అందుకని జవాబు అక్కడే వెతికాను.

ముందు ఒక మాట సాఫ్ చేసుకుందాం. 'కెమెరా' అనేది అరబీ మాట అని, ఇబ్న్ అల్ హైసమ్ పెట్టిన పేరని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది సహీ కాదు. సుమారు 965లో బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైసమ్ 'కితాబుల్ మనాజిర్' రాశారు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురును పరీక్షించి, చూపు ఎలా పనిచేస్తుందో చెప్పారు. అంత ఘనత ఉన్న ఆలిమ్‌కు లేని ఘనత అంటగట్టనక్కరలేదు. 'కెమెరా' లాటిన్ మాట, అర్థం గది. దాని వెనక గ్రీకు మాట ఉంది. అదే మాట పోర్చుగీసువాళ్ల నోట మన దేశానికొచ్చి ఉర్దూలో 'కమ్రా' అయింది. అంటే మనం రోజూ ఊడ్చుకునే కమ్రా, భాంజా మెడలో వేలాడే కెమెరా ఒకే తల్లి బిడ్డలు. గదిలోకి వెలుతురు ఎంత రానిస్తామన్నదే అసలు సవాల్. సూపర్‌జూమ్ కథంతా ఈ సవాల్ చుట్టూనే తిరుగుతుంది.

35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వేసే స్టిల్ కెమెరాలకు మొదటి జూమ్ లెన్స్ 1959లో వచ్చింది. పేరు ఫోక్ట్‌లెండర్ జూమార్, 36 నుంచి 82 మిల్లీమీటర్ల వరకు. దాన్ని రూపొందించిన ఫ్రాంక్ బ్యాక్ ఆస్ట్రియా నుంచి అమెరికా వలస వెళ్లిన మనిషి. అంతకుముందు టెలివిజన్ కెమెరాలకు జూమ్ చేసిచ్చారు. 82ను 36తో భాగిస్తే రెండింతల పైచిలుకు, అంతే. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గడిచి, 1992లో జపాన్ కంపెనీ టామ్రాన్ 28-200 తెచ్చింది. ఏడింతలు. చేతిలో ఇమిడే సైజులో సూపర్‌జూమ్‌ను మామూలు జనంలోకి తెచ్చింది అదే. డిజిటల్ వచ్చాక 2005లో 18-200, 2008లో 18-270, 2014లో 16-300, 2017లో 18-400. అంటే ఇరవై రెండింతలు. భాంజా మనసు పడ్డది ఇదే.

ఇది సాధ్యం కావడానికి లోపల చాలా గాజు కావాలి. పదీ పదిహేను గాజు బిళ్లలు, కొన్నిటి అంచు మామూలు గుండ్రం కాకుండా ప్రత్యేకంగా తీర్చినవి. లెన్స్ తిప్పుతుంటే ఇవి గుంపులుగా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఒకే దూరానికి చేసిన లెన్స్‌లో హునర్‌వాలా ఆ ఒక్క దూరానికే అన్ని లోపాలు సరిచేస్తాడు. ఇందులో 18 దగ్గరా సరిచేయాలి, 400 దగ్గరా సరిచేయాలి, మధ్యలో ప్రతి చోటా సరిచేయాలి. అందరినీ రాజీ చేయాలంటే ఎవరికీ పూర్తి ఇన్సాఫ్ జరగదు. వెడల్పు కొసలో తిన్నటి గీతలు బయటికి ఉబ్బుతాయి, పొడవు కొసలో లోపలికి వంగుతాయి. పొడవు కొసన బొమ్మ కాస్త మెత్తబడుతుంది. ఇంకొకటి, అన్నిటికన్నా పెద్దది: వెలుతురు తక్కువ వస్తుంది.

ఫాయిదా లేదని కాదు. రామప్ప గుడికే రండి. 1213లో కాకతీయ గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ గుడి మీద పద్ధతిగా ఒక పూర్తి గ్రంథం రాసింది గులాం యజ్దానీ సాబ్. 1885లో ఢిల్లీలో పుట్టి, 1914లో నిజాం సర్కారు పురావస్తు శాఖ మొదలైనప్పుడు దాని బాధ్యత తీసుకున్నారు. పాలంపేట గుళ్ల మీద ఆయన పుస్తకం 1922లో వచ్చింది. తర్వాత అజంతా చిత్రాల మీద రంగుల ఫొటోలతో పెద్ద సంపుటాలు తెచ్చారు. ఒక ముసల్మాన్ ఆఫీసర్ శివాలయం రాళ్లను ఇంత ప్యార్‌తో లెక్కగట్టాడని మన పిల్లలకు చెప్పాలి. రామప్పలో చూరు కింద ఎత్తులో మదనికలుంటాయి. కింద నిలబడి గుడి మొత్తం తీయాలంటే 18 కావాలి, మదనిక కాలి అందె తీయాలంటే 200 దాటాలి. దుమ్ములో లెన్స్ విప్పి మార్చకుండా రెండూ తీయగలగడం సూపర్‌జూమ్ నిజమైన బలం. పట్టపగలు, రాయి కదలదు, ఎఫ్/8 పెట్టుకుంటే బొమ్మ నిఖార్సుగా వస్తుంది. పాకాల చెరువు మీద పిట్టలు, జాతర, ఊరేగింపు, ఇలాంటి చోట్లా అంతే. షౌక్ కోసం తిరిగేవాళ్లకు నేను వద్దని చెప్పను.

ఇక ఖిలా వరంగల్‌లో ఖుష్ మహల్. అది ఎప్పటిదన్న బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ చేతికి పోయి సుల్తాన్‌పూర్ అయ్యాక, తుగ్లక్‌ల కాలంలో కట్టారని కొందరు అంటారు. కాదు, 1500 ప్రాంతంలో ఇక్కడ ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ఇంకొందరు. మొదటివాళ్ల చేతిలో ఉన్న పెద్ద గవాహీ గోడల వాలు. ఖుష్ మహల్ గోడలు కింద వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ మక్బరా గోడలూ ఇలాగే ఉంటాయి. ఇప్పుడు చూడండి. కెమెరాను పైకెత్తి తీస్తే ఏ లెన్స్‌తోనైనా నిటారు గోడ కూడా లోపలికి వాలినట్టు కనిపిస్తుంది. దానికి తోడు వెడల్పు కొసలో గీతలు వంచే లెన్స్ పెట్టామనుకోండి, ఆ ఫొటోలో వాలు ఎంత తుగ్లక్‌ది, ఎంత లెన్స్‌ది? గవాహీ ఇచ్చే రాయికి మనమే అబద్ధం నేర్పినట్టవుతుంది. అయితే దీనికి ఇలాజ్ ఉంది. కెమెరాను మట్టసంగా పెట్టి, దూరం జరిగి, మధ్య దూరంలో తీయాలి. వంకర మిగిలితే కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. గీతను సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. రాని వెలుతురును తెచ్చే సాఫ్ట్‌వేర్ లేదు.

అందుకే ఖాజీపేట దర్గా రాత్రి గురించి మాట్లాడాలి. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 1856లో వఫాత్ అయ్యారు. సఫర్ నెలలో ఉర్స్. రాత్రి సందల్, ఖవ్వాలీ. బల్బుల వెలుతురు, చప్పట్లు కొట్టే చేతులు, ఊగే తలలు. 18-400 లాంటి లెన్స్ వెడల్పు కొసలో ఎఫ్/3.5 దగ్గర మొదలై, పొడవు పెరిగేకొద్దీ ఎఫ్/6.3కు మూసుకుపోతుంది. పక్కన ఒక మామూలు 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ పెట్టండి. 6.3ను 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 12 వస్తుంది. పన్నెండింతల వెలుతురు తేడా. చిన్న లెన్స్‌తో సెకనులో 60వ వంతు చాలిన చోట, పెద్ద లెన్స్‌కు 5వ వంతు కావాలి. అంతసేపట్లో ఖవ్వాల్ చెయ్యి ఫొటోలో పొగ అవుతుంది. లెన్స్‌లో వణుకు ఆపే యంత్రం ఉంది కదా అన్నాడు భాంజా. ఉంది. కెనాన్ 1995లోనే అలాంటి లెన్స్ తెచ్చింది. కానీ అది ఆపేది తీసేవాడి చేతి వణుకును. ఖవ్వాల్ చేతిని, దుల్హన్ కన్నీటిని, దావత్‌లో పరిగెత్తే పిల్లాడిని అది ఆపలేదు. ఐఎస్‌ఓ పెంచొచ్చు కదా అంటే, 800 చాలే చోట పదివేల దగ్గరికి పోవాలి. ఫొటో మీద ఇసుక చల్లినట్టు మచ్చలొస్తాయి.

ఆ మచ్చలే నన్ను ఎక్కువ భయపెట్టేవి. భాంజాకు రోజ్‌గార్ కాకుండా ఇంకో పని నేనే అప్పగించాను. మా ఖబ్రస్తాన్‌లో పాత ఖబర్ల మీద కత్బాలున్నాయి. ఉర్దూ, అక్కడక్కడ ఫార్సీ. ఏటా వానకు కొన్ని అక్షరాలు కొట్టుకుపోతున్నాయి. వాటిని చదవగలిగిన బుజుర్గులూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు తెలుసు: బే, తే, సే మూడింటికీ ఒళ్లు ఒకటే, తేడా అంతా నుఖ్తాలదే. పై నుఖ్తా కిందికి జారితే ఖుదా కాస్తా జుదా అవుతుంది. మచ్చల ఫొటోలో ఏది నుఖ్తా, ఏది మచ్చ? ఎవరి దాదా పేరో మారిపోతుంది, ఏ సనమో తప్పుగా చదువుతాం. యజ్దానీ సాబ్ ఏళ్ల తరబడి అరబీ, ఫార్సీ శాసనాల పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. ఆ కాలంలో శాసనం మీద తడి కాగితం అద్ది, సిరా పులిమి నఖల్ తీసేవాళ్లు. రాయి చెప్పనిది నఖల్ చెప్పకూడదన్నది ఆ పని ఉసూల్. కత్బా ఫొటోకూ ఇదే ఉసూల్.

ఆఖరుకు భాంజాను ఒక పని చేయమన్నాను. ఇప్పటిదాకా తీసిన వలీమా ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశాడో చూడమన్నాను. కెమెరా ప్రతి ఫొటోతో పాటు ఆ హిసాబ్ రాసిపెడుతుంది. చూస్తే చాలావరకు 24కూ 55కూ మధ్యే ఉన్నాయి. 55 చాలలేదన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వెలుతురు చాలక చెడినవి మాత్రం ఫోల్డర్ నిండా ఉన్నాయి. వాడి కొరత దూరంలో లేదు, వెలుతురులో ఉంది. సూపర్‌జూమ్ వాడికి లేని దూరం ఇస్తుంది, ఉన్న కాస్త వెలుతురు కూడా తీసుకుంటుంది.

అందుకే ఆపాకు ఇలా చెప్పాను. రోజ్‌గార్ షాదీఖానాల్లో, రాత్రిపూట ఉన్నవాడికి ఈ లెన్స్ ఇప్పుడు వద్దు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 చాలు, సూపర్‌జూమ్ ధరలో అదొక చిన్న వంతు. మిగిలిన పైసలు చిట్టి పైసలుగానే ఉండనీ. రామప్పకో, పాకాలకో పోయే రోజు వస్తే ఒక రోజుకు లెన్స్ కిరాయికి దొరుకుతుంది. పగటి షౌక్ ఉండి, సెకండ్ హ్యాండ్‌లో కొనదలచినవాళ్లు మాత్రం లోపలికి టార్చ్ వేసి చూడండి. వానాకాలం చెమ్మకు గాజు మీద సాలెగూడులా బూజు పడుతుంది. అది ఉంటే ఎంత సస్తాగా ఇచ్చినా వద్దు.

భాంజా మొహం రెండు రోజులు ముడుచుకుంది. ఆ తర్వాత మొదటి నిఖాలో 50తో తీసిన ఫొటో ఒకటి పంపాడు. ఇజాబ్-ఖుబూల్ వేళ దుల్హా తండ్రి కళ్లు తుడుచుకుంటున్న ఫొటో. వెనకంతా మసక, కళ్లు మాత్రం సాఫ్. "మామూ, ఫ్లాష్ వేయలేదు" అని కింద రాశాడు.

కత్బాలు ఇంకా సగం కూడా కాలేదు. వాటికి 18-55 చాలుతోంది. కెమెరా స్టాండు మీద, ఎఫ్/8, సూర్యుడు పక్కనుంచి పడే వేళ. నెత్తి మీద ఎండలో చదునుగా కనిపించే రాయి అసర్ తర్వాత ఏటవాలు వెలుతురులో అక్షరం అక్షరం లేచి నిలబడుతుంది. మీ పెద్దల ఖబర్ మీద కత్బా ఉంటే ఏ లెన్స్ కోసమూ ఆగకండి. ఈ జుమ్మా రోజు ఫాతెహా చదివాక, ఫోన్‌తోనైనా సరే, పక్క వెలుతురు చూసుకుని ఒక ఫొటో తీయండి. అందులోని పేరు, సనం మీ పిల్లలతో తెలుగులో రాయించి పెట్టండి. రేపు రాయి మిగలకపోయినా పేరు మిగులుతుంది.