బాణీకి ముందు ఓటు

మదనపల్లె పేరెత్తితే టమాటా మార్కెట్ తర్వాత చాలామందికి గుర్తొచ్చేది ‘జనగణమన’. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. ఆ పాటని ఇంగ్లిషులోకి అక్కడే అనువదించుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఊరు ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. కానీ మార్గరెట్ జీవితాన్ని తవ్వుదామని కూర్చుంటే, ఆ ‘ప్రిన్సిపాల్ గారి భార్య’ అన్న మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఎందుకంటే ఆమె మదనపల్లెకి వచ్చేటప్పటికే రెండుసార్లు జైలుకెళ్లొచ్చిన మనిషి. 1878లో ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్ వాళ్లతో కలిసి డబ్లిన్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు కోసం ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ పెట్టారు. 1910లో లండన్‌లో రాళ్లు విసిరి హాలోవే జైలు, 1913లో డబ్లిన్ కోటలో కిటికీలు పగలగొట్టి తల్లమోర్ జైలు. రెండోసారి లోపల నిరాహారదీక్ష కూడా చేశారు, రాజకీయ ఖైదీగా గుర్తించమని. 1915లో అనీ బెసెంట్ పిలుపు మీద భర్తతో ఇండియాకి వచ్చారు.

అలాంటామె మదనపల్లెలో స్థానిక స్త్రీలతో నడిపిన సంఘం పేరేమిటో తెలుసా? అబలాభివర్ధినీ సమాజం. ఇవాళ మనకి ‘అబల’ అంటే ఒళ్లు మండుతుంది. కానీ భండారు అచ్చమాంబ స్త్రీల చరిత్రలు రాసి, ఆ పుస్తకానికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పేరు పెట్టారు. అప్పటి తెలుగులో అది ఆడవాళ్లకి వాడే మర్యాద మాటల్లో ఒకటి. పాత కాగితాల్లో ఒక్క మాట చూసి మనిషిని తేల్చేస్తే ఇలాగే దారి తప్పుతాం.

1917 మేలో అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలైంది. బెసెంట్ అధ్యక్షురాలు, మార్గరెట్ స్థాపకుల్లో ఒకరు. ఆ ఏడాది భారత మంత్రి మాంటేగు రాజ్యాంగ సంస్కరణల మీద అభిప్రాయాలు వినడానికి వస్తున్నాడు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతాం, సమయమివ్వమని మార్గరెట్ అర్జీ పెట్టారు. రాజకీయ విషయాలైతేనే వింటాం అని జవాబు. సరే, రాజకీయమే మాట్లాడదాం అనుకున్నారు. మగవాళ్లకి ఏ షరతుల మీద ఓటిస్తారో ఆడవాళ్లకీ అవే షరతుల మీద ఇవ్వాలని వినతిపత్రం తయారైంది. డిసెంబర్ 18న మద్రాసులో సరోజినీ నాయుడు ముందు నడిచి దాన్ని అందించారు. బడి అడగబోతే దారి మూసేశారు, ఓటు అడిగితే తెరుచుకుంది.

దారైతే తెరుచుకుంది గానీ ఓటు వెంటనే రాలేదు. సౌత్‌బరో కమిటీ ఇప్పుడే కుదరదంది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల కౌన్సిళ్లకి వదిలేసింది. 1921లో మద్రాసు కౌన్సిల్ ఒప్పుకుంది, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అన్నిటికంటే ముందు. కోస్తా, రాయలసీమ అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే. అంటే తెలుగు ఆడవాళ్ల ఓటు కథలో ఇదొక తొలి అధ్యాయం. కాకపోతే ‘మగవాళ్ల షరతులే మాకూ’ అనడంలో ఒక మెలిక ఉంది. ఆ షరతు ఆస్తి. ఆస్తి ఎంతమంది ఆడవాళ్ల పేరున ఉండేది? హక్కు వచ్చింది, పట్టుమని కొద్దిమందికే. మార్గరెట్‌ని మెచ్చుకునే జీవితచరిత్ర ఈ మాట దాచకూడదు.

ఆమె అక్కడితో ఆగలేదు. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయని మద్రాసు కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడమని ప్రోత్సహించారు. కమలాదేవి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1932లో ప్రభుత్వ ఆర్డినెన్సులకి వ్యతిరేకంగా మాట్లాడినందుకు మార్గరెట్ మళ్లీ జైలుకెళ్లారు, ఈసారి వెల్లూరు. పుట్టిన దేశంలో ఓటు కోసం, వచ్చిన దేశంలో నోరు విప్పే హక్కు కోసం. 1950లో భర్తతో కలిసి రాసుకున్న ఆత్మకథ అచ్చయింది. 1954లో పోయారు.

ఈ రెండేళ్ల మధ్యలోనే, 1951–52లో, ఆస్తితో పనిలేకుండా వయోజనులందరూ ఓటేసిన మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇళ్లకి వెళితే ఎందరో ఆడవాళ్లు పరాయివాళ్లకి తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య అనో, ఫలానావారి కూతురు అనో రాయించుకున్నారు. సొంత పేరు లేకపోతే కుదరదని ఎన్నికల సంఘం సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేసింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే.

మార్గరెట్ గురించి రాయడానికి ఆత్మకథ ఉంది, జైలు రికార్డులున్నాయి. అయినా మనం ఆమెని ‘ప్రిన్సిపాల్ గారి భార్య’గానే పరిచయం చేస్తున్నాం. మదనపల్లెలో ఇకమీదట 1919 గురించి చెప్పేవాళ్లు, పక్కనే 1917 కూడా చెబితే బావుంటుంది. ముందు ఆమె పేరుతో మొదలుపెట్టి.