నాన్న ఉత్తరం, అమ్మ ఊడ్పులు

కుంపటి కాస్త ఇటు జరపండిరా, మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయి. యుద్ధం కబుర్లు చెప్పమంటారు గాని, నాకేం తెలుసు? మా అమ్మ చేసిన వ్యవసాయం తెలుసు. అది చెబుతాను.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మా అమ్మ పుట్టిల్లు. మిలటరీ మాధవరమంటే తెలియనివాళ్ళెవరు? మొదటి ప్రపంచ యుద్ధం నించీ పటాలానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. మాది మాత్రం దిగువన కాలవ కింది పల్లె. అక్కణ్ణించి వెళ్ళింది నాన్నొక్కడే. 1942 ఏప్రిల్లో విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపానువాళ్ళు బాంబులేశారు చూడండి, ఆ ఏడే.

నాన్న రైలెక్కాడో లేదో, బాబాయి వచ్చాడు. “వదినా, రాత్రుళ్ళు కాలవ మీద తిరగడం నీవల్ల కాదు. చేను మక్తాకిచ్చెయ్, గింజలు తెచ్చి ఇంట్లో పోస్తాను” అన్నాడు. మంచివాడే, దుర్బుద్ధి లేదు. కాని ఒకసారి ఇచ్చిన చేను తిరిగి చేతికి రావడం ఎంత కష్టమో అమ్మకి తెలుసు. “మీ అన్నగారొచ్చాక ఆయన్నడుగు అబ్బాయ్” అని మజ్జిగిచ్చి పంపించింది.

ఆడది మేడి ముట్టకూడదనేవారు, అందుకని దున్నింది పాలేరే. విత్తనాలు నానబెట్టి మండె కట్టడం దగ్గర్నించి గాదెలో పోయించేదాకా మిగతాదంతా అమ్మ. బర్మా జపానువాళ్ళ చేతికి పోయాక కిరసనాయిలు దొరికేది కాదు. నీటి వంతు రాత్రి వస్తే చీకట్లోనే గట్ల మీద నడిచేది. పైచేల వాళ్ళు బోదె కట్టేస్తే కట్ట తెగ్గొట్టించి మరీ నిలబడేది. ఆ నోటికి జడిసి లస్కరు మా వంతుకి ముందే వచ్చి కూర్చునేవాడు.

అసలు చిక్కు ఊడ్పులకొచ్చింది. తాడేపల్లిగూడెంలో మిలటరీ విమానాల కోసం రన్‌వే వేస్తున్నారు. సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంటే బురదలో వంగడానికి ఎవరొస్తారు? ఆకుమడి ముదిరిపోతోంది. రైతులందరూ తలలు పట్టుక్కూర్చున్నారు. అమ్మ మాత్రం వేరే లెక్క వేసింది. రంగూన్ నించి బియ్యం ఓడలు ఆగిపోయాయి, ధర రోజురోజుకీ పెరుగుతోంది. రూపాయి ఉన్నా బియ్యం కొనలేని రోజులు. పేటలోకెళ్ళి, “డబ్బివ్వను, ధాన్యం కొలుస్తాను, ఏ పూటకాపూటే” అంది. మర్నాడు తెల్లారేసరికి ఆడకూలీలు గట్టు మీదున్నారు. నాన్న పంపే మనియార్డరు శిస్తుకి దాచింది.

తరవాత కంట్రోళ్ళొచ్చాయి. తిండికీ విత్తనానికీ ఉంచుకుని మిగిలింది సర్కారు రేటుకి తోలమన్నారు. గాదెలు కొలవడానికొచ్చినాయన, “మగాళ్ళెవరూ లేరా?” అన్నాడు. “మీ యుద్ధానికే వెళ్ళాడు బాబూ” అంది అమ్మ. లెక్కలో ఉన్నదంతా చూపించింది. కూలీలకి కొలవాల్సిన గింజలు మాత్రం అటక మీదున్నాయి. తప్పే, కాదనను. నేనైనా అదే చేసేదాన్ని.

నాన్న ఉత్తరాల్లో ఊరి పేరుండేది కాదు. సెన్సారువాళ్ళు సిరా పులిమినవి పోగా మిగిలింది మేష్టారు చదివేవారు. పల్లపు చేలో అక్కుళ్ళు వెయ్యమని ఒకసారి రాశాడు. ఆ ఉత్తరం చేరేసరికి కోతలు. అమ్మ వేసింది వేరే విత్తనం. “మీరు చెప్పినట్టే చేశానని రాయండి మేష్టారూ” అంది. మేష్టారు నవ్వాపుకుంటూ రాశారు.

నాన్న 1946లో వచ్చాడు. చేలన్నీ తిరిగొచ్చి, “అక్కుళ్ళు బాగా పండాయా?” అనడిగాడు. అమ్మ వడ్డిస్తూ, “ఆఁ, బాగానే” అంది.

ఆయన బర్మా వైపు చేసిందేమిటో మాకెప్పుడూ వివరంగా చెప్పలేదు. కష్టపడ్డాడు, సందేహం లేదు. కాని ఆ నాలుగేళ్ళూ చేను నిలబెట్టింది అమ్మే. శిస్తు రసీదులు నా పెట్టెలో ఉన్నాయి, చూసుకోండి. అన్నీ నాన్న పేరునే.